కొత్త బైనాక్యులర్ కొనాలా? సోమశిలలో వేసిన లెక్క

సంక్రాంతి సెలవుల్లో ఓ సాయంత్రం సోమశిల ఆనకట్ట దగ్గర నిలబడ్డాను. నీటి అంచున, నాకు దాదాపు 600 మీటర్ల దూరంలో, ఓ ఇరవై కొంగలు. నత్తగుల్ల కొంగలా, ఎర్రకాళ్ల కొంగలా? ఎంత చూసినా తేలలేదు. నా చేతిలో ఉన్నది తక్కువ ధర 8×40 బైనాక్యులర్. తప్పు దానిదే అనుకున్నా. ఇంటర్న్‌షిప్ డబ్బులు ఇంకా ఖర్చు కాలేదు, దీనికి ఐదారు రెట్లు ధరున్న నికాన్ మోనార్క్ ఎం5 (8×42) అప్పటికే కార్ట్‌లో ఉంది.

ప్రోగ్రామ్ స్లోగా నడుస్తుంటే కొత్త ల్యాప్‌టాప్ కొనేముందు అసలు ఎక్కడ ఆగుతోందో చూస్తాం కదా. ఇక్కడా అదే చేశాను.

నత్తగుల్ల కొంగకి పక్కా గుర్తు, నోరు మూసినా ముక్కు మధ్యలో మిగిలే సందు. అది మహా అయితే 6 మిల్లీమీటర్లు. 600 మీటర్ల దూరంలో ఆ సందు మన కంటి దగ్గర చేసే కోణం సుమారు 2 ఆర్క్ సెకన్లు (డిగ్రీని 3600 ముక్కలు చేస్తే ఒక ముక్క ఒక ఆర్క్ సెకను). 8 రెట్లు పెంచితే 16. మామూలు కంటికి విడిగా కనపడాలంటే 60 దాకా కావాలి. అంటే 8× బైనాక్యులర్ ఎంత ఖరీదైనదైనా సరే, ఆ సందు కనపడదు! 10× తెచ్చినా 20 దగ్గరే ఆగుతుంది, పైగా చేతి వణుకూ పది రెట్లవుతుంది. 30× స్కోప్, ట్రైపాడ్ పెడితే లెక్క సరిపోతుంది, కానీ ఎండెక్కాక నీళ్ల మీద గాలి అలలాడుతుంటే అదీ కష్టమే. అదే 150 మీటర్లకి వెళ్తే నా పాతదానితోనే 64 వస్తుంది.

మరి ఎక్కువ డబ్బు పెడితే వచ్చేదేంటి? 40ని 8తో భాగిస్తే 5. కంటికి చేరే కాంతి కిరణం వెడల్పు 5 మి.మీ. అన్నమాట. పగటి వెలుతురులో మన కంటిపాప 2, 3 మి.మీ. మాత్రమే తెరుచుకుంటుంది, మిగతా వెలుగు వృథా. కాబట్టి 40 బదులు 42 అన్నది పగలు లెక్కలోకే రాదు. అసలు తేడా పూతలో ఉంది. పూత లేని గాజు ఒక్కో ముఖం దగ్గర 4 శాతం వెలుగుని వెనక్కి కొడుతుంది. పది ముఖాలు దాటేసరికి మిగిలేది 66 శాతం. మంచి పూత ఉంటే 95 దాకా వస్తుంది.

రెండోసారి వెళ్లినప్పుడు ఓ సీనియర్ అన్న ఖరీదైన 8×42 అడిగి తీసుకెళ్లా. సాయంత్రం సూర్యుడు ఎదురుగా ఉన్నప్పుడు నాది పాలు కలిపినట్టు తెల్లబడింది, అన్నది అవలేదు. ఈ తేడా నిజమే, ఒప్పుకోవాలి. కానీ ఆనకట్ట మీంచి చూస్తే నీళ్లు పడమటి వైపు. పొద్దున వెళ్తే సూర్యుడు మన వెనకే ఉంటాడు. ఇంకోటి (చెప్పడానికి సిగ్గుగా ఉంది): రెండేళ్లుగా నా బైనాక్యులర్‌లో కుడి కన్ను మసగ్గానే ఉంది. కుడి కన్ను మూసి, మధ్య చక్రంతో ఎడమ కంటికి స్పష్టంగా వచ్చేలా చేయాలి. తర్వాత ఎడమ కన్ను మూసి, చక్రాన్ని ముట్టుకోకుండా కుడి వైపు రింగుని తిప్పాలి. నేను ఆ రింగు ఎప్పుడూ తిప్పనేలేదు. తిప్పాక రెండింటి మధ్య తేడా సగానికి సగం తగ్గిపోయింది.

"ఏందిరా అంతసేపు? ఇయ్యే కొంగలు కాలవ కింద మళ్లల్లో బోలెడుంటాయి గదా," అన్నాడు ఆత్మకూరు బాబాయ్. మర్నాడు పొద్దున్నే బండి మీద తీసుకెళ్లాడు. వరి మడిలో వంద మీటర్ల లోపే తొమ్మిది కొంగలు నత్తలు ఏరుకుంటున్నాయి. పాత 8×40 ఎత్తాను. ముక్కు మధ్యలో సందు, అందులోంచి అవతలి పచ్చదనం సన్నగీతలా కనిపించింది.

మోనార్క్‌ని కార్ట్‌లోంచి తీసేశాను. ఈ సెలవుల్లో ఆ డబ్బులో కొంచెం నేలపట్టు బస్సు చార్జీలకి పోతుంది. అక్కడ గూడబాతులు గూళ్లు పెట్టే చెట్లు దగ్గర్లోనే ఉంటాయట.