టైరు వయసు చూడు బిడ్డా

జగిత్యాల

బిడ్డా,

నువ్వు పంపిన మెసేజ్ మీ అమ్మ నాకు చూపించింది. కారు కొన్నావట, పండుగ సెలవులకు స్నేహితురాళ్లతో కలిసి జిజాన్ నుంచి అబ్హాకు పోతావట. చదివి సంబరపడ్డాను. నేను సౌదీలో, ఆ జిజాన్‌లోనే నీళ్ల ట్యాంకర్ నడిపిన కాలంలో ఆడవాళ్లకు లైసెన్సే ఇచ్చేవారు కాదు. 2018 జూన్ 24న ఆ నిషేధం పోయిందని టీవీలో విన్నాను. మన ఇంటి ఆడపిల్ల రాత్రి డ్యూటీ దిగి తన కారులో తానే ఇంటికి పోతుందంటే నాకు ఎంత గర్వమో చెప్పలేను.

కానీ ఆ మెసేజ్‌లో ఒక మాట నన్ను నిద్రపోనివ్వలేదు. కారు ఏడెనిమిదేళ్లది, అమ్మినాయన ఎక్కువ తిప్పలేదు, ఇంటి ముందు ఎండలోనే నిలిపి ఉంచాడు, అందుకే టైర్ల గీతలు కొత్తవాటిలా ఉన్నాయి అని రాశావు. నువ్వు సంతోషంగా రాసిన ఆ మాటే నాకు భయం పుట్టించింది. ధర్మపురి దారిలో టైరు వల్ల జరిగిన సంగతి నీకు తెలుసు, మళ్లీ ఎత్తను. ఆ రోజు నుంచి మన ఇంట్లో ఎవరు బండి కొన్నా నేను ముందు కూర్చునేది టైరు పక్కనే.

తిరిగితే అరిగేది గీత. తిరగకపోయినా చచ్చేది రబ్బరు. రబ్బరు పగుళ్లివ్వకుండా టైరులో మైనం లాంటి పదార్థం కలుపుతారు. బండి నడిచి టైరు నలుగుతుంటేనే అది పైకి ఊరి పొరలా పరుచుకుంటుంది. నెలల తరబడి నిలబెట్టిన బండికి ఆ కాపు ఉండదు. ఎండ, ఓజోను కలిసి పైరబ్బరును పగలదీస్తాయి. లోపల ఉక్కు తీగల పట్టీకి, రబ్బరుకు మధ్య ఉన్న పట్టు కూడా వేడికి ఏటేటా సడలుతుంది. అది కంటికి కనపడదు. వేడి ఎంత ఎక్కువైతే అంత తొందరగా సడలుతుంది. జిజాన్ ఎండాకాలంలో రాత్రి కూడా చల్లబడదని నీకు నేను చెప్పాలా?

కాబట్టి ముందు టైరు పుట్టిన తేదీ చూడు. టైరు పక్కన డాట్ అని మూడు ఇంగ్లిషు అక్షరాలు ఉంటాయి. ఆ వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. కొన్నిసార్లు ఆ నాలుగు అంకెలు లోపలి వైపే ఉంటాయి. బయట కనపడలేదని వదిలెయ్యకు, పంచర్ షాపులో బండి జాకీ మీద లేపి చూపించమను. నాలుగూ చూడు. డిక్కీలో ఉన్న ఐదోదీ చూడు. ఒక్కసారీ రోడ్డు మీదికి రాని ఆ స్టెప్నీకి చాలాసార్లు కారుతో సమానమైన వయసు ఉంటుంది. ఆరేళ్లు దాటాక మార్చమని చాలా కార్ల కంపెనీలు చెబుతాయి, పదేళ్లకు మించి వద్దని టైర్ల కంపెనీలు చెబుతాయి. అవి చల్లటి దేశాలను కూడా కలుపుకుని చెప్పిన లెక్కలు. జిజాన్‌లో ఉన్న నా మేనకోడలికి నా లెక్క ఐదేళ్లు. గీత ఎంత లోతున్నా సరే, ఐదేళ్లు.

మామ చాదస్తం అనుకోకు. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకు వేసిన ఫైర్‌స్టోన్ టైర్ల గొడవ గల్ఫ్‌లో ముందుగానే బయటపడింది. వేగంగా పోతుండగా టైరు పైతోలు ఊడిపోవడం, బండి పల్టీ కొట్టడం. 1999లోనే ఫోర్డ్ కంపెనీ సౌదీలో, చుట్టుపక్కల దేశాల్లో ఆ టైర్లు మార్చి ఇవ్వడం మొదలుపెట్టింది. అమెరికాలో ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచింది ఆ తర్వాత, 2000 ఆగస్టులో. అమెరికాలో 270 మందికి పైగా పోయారని ప్రభుత్వమే లెక్క తేల్చింది. తయారీలో ఉన్న లోపం వేడి రోడ్డు మీద, తక్కువ గాలితో, పెద్ద వేగంతో ముందుగా బయటపడింది. ఆ మూడూ నీ దారిలోనూ ఉన్నాయి తల్లీ.

గాలి గురించి కూడా చెప్పాలి. నేను లారీ క్లీనర్‌గా చేరినప్పుడు కరీంనగర్ అడ్డా మీద మా డ్రైవర్ నాకు ఇనుప రాడ్ ఇచ్చి ప్రతి టైరునూ కొట్టి వినమనేవాడు. గాలి నిండుగా ఉంటే ఖంగున మోగి రాడ్ ఎగిరి వస్తుంది, తగ్గితే మొద్దుగా పలుకుతుంది. ఆ లారీలో మామిడికాయలు నాగ్‌పూర్ దాకా వేసుకుపోయేవాళ్లం. రాత్రి ఆదిలాబాద్ అడవి దారిలో ఆపి, టార్చిలైటు పట్టుకుని, జంట టైర్ల మధ్య ఇరుక్కున్న రాళ్లు తీయడం నా పని. జిజాన్‌కు వచ్చాక అక్కడా మామిడి తోటలు చూసి నాకు ఏడుపొచ్చింది. తిన్నావా ఈ ఏడు? అక్కడి కాయ మంచిగుంటుంది. రాత్రి డ్యూటీ ఉన్న రోజుల్లో ఉత్త చాయ్ తాగి పడుకోకు, ఏదైనా తిను.

కారు టైరుకు రాడ్ పనికిరాదు, గేజ్ కొనుక్కో. పొద్దున్నే బండి కదపకముందు చూడు. ఎంత గాలి పెట్టాలో డ్రైవర్ తలుపు తీస్తే స్తంభం మీది స్టిక్కర్‌లో ఉంటుంది. టైరు మీద రాసిన అంకె అది తట్టుకోగల గరిష్ఠం, ఆ లెక్కన నింపొద్దు. ఐదారు డిగ్రీల వేడికి ఒక పౌను గాలి పెరుగుతుంది. అందుకే నడిచి వచ్చిన టైరు చూసి ఎక్కువైందని గాలి తీయిస్తే, చల్లారేసరికి కొరత పడుతుంది. జిజాన్ దగ్గర అబూ అరీష్ రోడ్డులో ఒక పఠాన్ పెద్దాయన పంచర్ షాపు ఉండేది. వేడి బండి తెస్తే ముట్టేవాడు కాదు. చాయ్ తాగి కూర్చోండి, చల్లారాక చూస్తానని చెప్పేవాడు. గాలి తక్కువైన టైరు పక్కలు అదే పనిగా నలిగి లోపల కాగుతుంది. గల్ఫ్ రోడ్ల మీద పేలిపోవడానికి అదొక పెద్ద కారణం.

ఇక గుర్తులు విను. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ. మధ్యలో అరిగితే గాలి ఎక్కువ. ఒక పక్కే అరిగితే అలైన్‌మెంట్ చేయించు. పక్కన బుడగలా ఉబ్బితే, సన్నని పగుళ్లు కనిపిస్తే ఆ టైరుతో ఊరు దాటకు. పక్క గోడకు పడ్డ పంచర్‌కు అతుకు వేయించుకోవద్దు. గీతల మధ్య చిన్న కట్టలు ఉంటాయి, 1.6 మిల్లీమీటర్ల ఎత్తు. గీత ఆ ఎత్తుకు అరిగిందంటే చట్టం ప్రకారం టైరు అయిపోయినట్టే. కొండల్లో వాన కొడితే తడిరోడ్డు మీద అంతకన్నా ముందే జారుతుంది, 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చు. రోడ్డు పక్క కుప్పపోసి అమ్మే వాడిన కఫర్లు, అదే పాత టైర్లు, ఎంత చౌకైనా కొనకు. ఫహస్, అదే బండి తనిఖీ, పాసైందని ధీమా పడకు, అది ఆ రోజు మాటే. కొత్తవి తీసుకుంటే పక్కన టెంపరేచర్ అన్న చోట ఏ అని ఉండాలి, తేదీ ఆ ఏడాదిదై ఉండాలి.

దర్బ్ దాటాక అబ్హా కొండ మొదలవుతుంది. సముద్ర మట్టం నుంచి 2,200 మీటర్ల పైకి. దిగేటప్పుడు చిన్న గేర్‌లో దిగు, బ్రేకు అదిమి పట్టుకుంటే ఆ వేడి టైరు దాకా పోతుంది. ఒంటెలు అడ్డం వస్తాయి, చీకటి పడ్డాక నడపకు.

మొన్న జడలో జిజాన్ మల్లెల దండ పెట్టుకుని పంపిన ఫోటో మీ అమ్మ దేవుడి గదిలో పెట్టుకుంది. అచ్చం మా అవ్వ పోలికే నువ్వు.

డబ్బుకు ఆలోచించకు. ఈ నెలా వచ్చే నెలా ఇంటికి పంపేది ఆపి టైర్లు వేయించు. మీ అమ్మతో మాట్లాడాను, ఇక్కడి ఖర్చు నేను చూసుకుంటాను. ఐదు టైర్ల తేదీలూ ఫోటో తీసి నాకు పంపు. ఐదేళ్లు దాటినవి మార్చాకే అబ్హాకు బయలుదేరు. పైలం బిడ్డా.

మీ మేనమామ