మొండికేసిన మరకు సుత్తి కాదు, నూనే మందు

తొలకరి పడింది. పదును ఆరిపోకముందే దుక్కి చేయించాలని ట్రాక్టరు పిలిపించారు. తొమ్మిది పళ్ల కల్టివేటరు చేలో దిగింది. తీరా చూస్తే కుడి పక్క జానెడు లోతు దిగింది, ఎడమ పక్క నాలుగు వేళ్ల లోతు గీకి వదిలేసింది. ఇదేమిటని డ్రైవరును అడిగితే "లెవెలింగ్ రాడ్డు జామైపోయిందండీ, తిరగడం లేదు" అన్నాడు. గంటకింతని డబ్బు పూర్తిగానే ఇచ్చారు. దుక్కి మాత్రం సగమే అయింది.

ఇది చాలా ఊళ్లలో జరిగేదే. ట్రాక్టరు వెనక ఉండే సర్దుబాటు మరలు తుప్పు పట్టి బిగుసుకుపోవడమే దీనికి కారణం. వాటిని పాడు చేయకుండా ఎలా విడిపించాలో, మళ్లీ బిగుసుకుపోకుండా ఏం చేయాలో ఈ వారం తెలుసుకుందాం. సొంతంగా పాత ట్రాక్టరు ఉన్నవారికే కాదు, అద్దెకు దున్నించుకునేవారికి కూడా ఈ సంగతులు పనికొస్తాయి.

ఏ మర ఏం పని చేస్తుంది?

ట్రాక్టరు వెనక పనిముట్టును మూడు చోట్ల తగిలిస్తాం. కింద రెండు చేతులు, పైన మధ్యలో ఒక టాప్ లింకు. ఈ మూడు లింకుల పద్ధతిని రూపొందించినవాడు ఐర్లండుకు చెందిన హ్యారీ ఫెర్గుసన్. 1939లో ఫోర్డుతో కలిసి ఆయన తెచ్చిన ట్రాక్టరుతో ఇది బాగా ప్రచారంలోకి వచ్చింది. నేటి ట్రాక్టర్లన్నిటికీ దాదాపు ఇదే పద్ధతి.

కింది చేతులను పైకి లాగేవి లిఫ్టు రాడ్లు. చాలా ట్రాక్టర్లలో కుడి రాడ్డుకు తిప్పే హ్యాండిలు ఉంటుంది. దీన్నే లెవెలింగ్ రాడ్డు అంటారు. రాడ్డును పొడవు చేస్తే పనిముట్టు కుడి పక్క దిగుతుంది, పొట్టి చేస్తే లేస్తుంది. అంటే కుడి ఎడమల సమానం చూసేది ఇదే.

ముందు వెనకల సమానం చూసేది టాప్ లింకు. దాన్ని పొట్టి చేస్తే ముందు వరస పళ్లు లోతుకు దిగి, వెనక వరస తేలిపోతుంది. పొడవు చేస్తే వెనక వరస దిగుతుంది.

రెక్క నాగలితో దున్నేటప్పుడు కుడి చక్రం చాలులో నడుస్తుంది కాబట్టి కుడి రాడ్డును పొట్టి చేయాలి. తరవాత కల్టివేటరు కట్టినప్పుడు మళ్లీ సమానానికి తేవాలి. పనిముట్టు మారినప్పుడల్లా తిరగాల్సిన మర తిరగకపోతే, ఎంత మంచి డ్రైవరైనా వంకర దుక్కే చేస్తాడు. వరి మడిలో ఒక పక్క నీరు ఎక్కువ, ఒక పక్క తక్కువ నిలవడానికి ఇది కూడా ఒక కారణం.

ఎందుకు బిగుసుకుంటుంది?

దమ్ము చేసేటప్పుడు బురద నీరు మరల్లోకి పోతుంది. యూరియా, పొటాష్ బస్తాలు మోసినప్పుడు రాలిన పొడి తేమ తగిలి ఇనుమును తింటుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పు గాలి దీనికి తోడవుతుంది. తుప్పుగా మారిన ఇనుము, అసలు ఇనుముకు రెండింతలకు పైగా చోటు తీసుకుంటుంది. మర సందుల్లో ఖాళీ ఎక్కడుంది? ఉబ్బిన తుప్పు లోపలి కడ్డీని, బయటి గొట్టాన్ని కలిపి పట్టేస్తుంది. అందుకే బలం పెంచినకొద్దీ మర విరుగుతుందే తప్ప వదలదు. తుప్పును నానబెట్టి, పొడి చేసి, బయటకు తెప్పించాలి. ఇదే అసలు కిటుకు.

ముందు ప్రాణం, తరవాత పని

పనిముట్టును పూర్తిగా నేలకు దించండి. ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, తాళం చెవి జేబులో పెట్టుకోండి. లేపి ఉంచిన కల్టివేటరు కిందకు గాని, రోటవేటరు కిందకు గాని ఎంత చిన్న పనికైనా దూరవద్దు. లీవరుకు ఎవరి చెయ్యి తగిలినా, హైడ్రాలిక్ జారినా అది మీద పడుతుంది. పిల్లలను దగ్గరకు రానివ్వకండి.

బరువు మీద ఉన్న మర తుప్పు లేకున్నా తిరగదు. కాబట్టి పనిముట్టును నేలమీద ఆనించి మరోసారి హ్యాండిలు తిప్పి చూడండి. తిరిగితే గ్రీజు పెడితే సరిపోతుంది. తిరగకపోతేనే ఈ వైద్యం.

టాప్ లింకును విడిపించే పద్ధతి

లింకును ట్రాక్టరు మీద ఉంచి కొట్టకండి. చాలా ట్రాక్టర్లలో నేల బిగువును హైడ్రాలిక్కుకు తెలియజేసేది ఈ టాప్ లింకే. దానికి పడ్డ దెబ్బ లోపలి భాగాలకు తగులుతుంది. పిన్నులు తీసి, లింకును విప్పి, బయట పెట్టుకోండి.

1. వైరు బ్రష్షుతో బయటి మట్టి, తుప్పు పోయేదాకా రుద్దండి. పైన మట్టి ఉంటే నూనె లోపలికి దిగదు.

2. లింకును నిలువుగా నిలబెట్టి, గొట్టంలోకి కడ్డీ దూరే చోట తుప్పు వదిలించే స్ప్రే కొట్టండి. మోటారు సామాన్ల దుకాణాల్లో దొరుకుతుంది. లేకపోతే డీజిలులో కొంచెం పలుచని ఇంజను ఆయిలు కలిపి పొయ్యండి. వాడేసిన నల్ల ఆయిలు వద్దు. అది చిక్కగా ఉండి సందుల్లోకి దిగదు, చర్మానికి కూడా మంచిది కాదు. నూనెలో తడిపిన గుడ్డ ఆ చోట చుట్టి రాత్రంతా వదిలేయండి. మర్నాడు తలకిందులు చేసి రెండో కొనకు కూడా ఇలాగే చేయండి.

3. రోజుకు రెండుసార్లు నూనె వేస్తూ, గొట్టం చుట్టూ చిన్న సుత్తితో తట్టండి. గొట్టానికి అవతలి పక్క ఇంకో బరువైన సుత్తిని ఆనించి పట్టుకుంటే తట్టు లోపలికి బాగా పోతుంది. ఆ అదురుకు తుప్పు పగిలి నూనె లోపలికి దిగుతుంది. బయటకు కనిపించే మరల మీద మాత్రం ఒక్క దెబ్బ కూడా వెయ్యవద్దు. ఒక చుట్టు నలిగినా లింకు పనికిరాదు. కళ్లకు అద్దాలు పెట్టుకోండి.

4. రెండు మూడు రోజులు నానాక లింకును వైసులో బిగించి తిప్పండి. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. టాప్ లింకుకు ఒక కొన కుడి మర, రెండో కొన ఎడమ మర. గొట్టాన్ని ఒక్కసారి తిప్పితే రెండు కొనలూ ఒకేసారి బయటికో లోపలికో వచ్చేది అందుకే. కడ్డీని నిలువుగా పట్టుకుని చూడండి. చుట్లు కుడి పక్కకు ఎక్కుతుంటే కుడి మర, ఎడమ పక్కకు ఎక్కుతుంటే ఎడమ మర. ఇది చూడకుండా రెండు కొనలనూ ఒకే తీరున తిప్పేవారు వదులు చేస్తున్నామనుకుని బిగిస్తుంటారు.

5. మొదట కొంచెం బిగించే వైపు తిప్పండి. కటుక్కుమని తుప్పు విడితే, అప్పుడు వదులు చేసే వైపు పావు చుట్టు తిప్పండి. మళ్లీ వెనక్కి. మళ్లీ నూనె. ఇలా ముందుకూ వెనక్కూ ఆడిస్తుంటే ఎర్రటి పొడి బయటకు వస్తుంది. తిరిగింది కదా అని ఒకేసారి లాగెయ్యకండి. ఆ పొడి సందులో చిక్కి, మర మళ్లీ కరుచుకుంటుంది.

వేడి చేయాల్సి వస్తే

నాలుగైదు రోజులు నానినా కదలకపోతే వెల్డింగు షాపులో వేడి చేయిస్తారు. బయటి గొట్టాన్ని వేడి చేస్తే అది వ్యాకోచించి సందు ఇస్తుంది. 30 మిల్లీమీటర్ల మందం ఇనుము 200 డిగ్రీలు వేడెక్కితే పెరిగేది మిల్లీమీటరులో పద్నాలుగో వంతే. అయినా తుప్పు పట్టు సడలడానికి అది చాలు. కాబట్టి ఎర్రగా కాల్చాల్సిన పనే లేదు. ఎర్రగా కాల్చి నీళ్లు కొడితే ఇనుము గుణం మారి, పెళుసెక్కి, బరువు మీద విరిగే ప్రమాదం ఉంది.

వేడి చేసే ముందు నూనె, డీజిలు పూర్తిగా తుడిచేయాలి. లేకుంటే మంట లేస్తుంది. గొట్టం లోపల పాత గ్రీజు మూసుకుపోయి ఉంటే వేడికి ఒత్తిడి పెరిగి ఎగజిమ్ముతుంది. గ్రీజు నిపుల్ తీసేసి, కొనకు ఎదురుగా నిలబడకుండా చేయించండి. ట్రాక్టరు మీద ఉండగా మంట పెట్టనే కూడదు. టైర్లు, రబ్బరు పైపులు, డీజిలు ట్యాంకు అన్నీ పక్కనే ఉంటాయి.

లెవెలింగ్ రాడ్డు సంగతి

పద్ధతి ఇదే గాని, ఒక జాగ్రత్త ఎక్కువ. చాలా ట్రాక్టర్లలో హ్యాండిలు దగ్గరి పెట్టెలో పళ్ల చక్రాలుంటాయి. హ్యాండిలుకు గొట్టం తొడిగి బలంగా తిప్పితే మర వదలకముందే ఆ పళ్లు విరుగుతాయి. ఆ పెట్టెను వేడి చేయకూడదు కూడా. నిపుల్ శుభ్రం చేసి, గ్రీజు గన్నుతో పాత గ్రీజు బయటకు వచ్చేదాకా కొత్తది ఎక్కించండి. కింది మరకు రెండు మూడు రోజులు నూనె పట్టించి, చేతి బలంతోనే అటూ ఇటూ ఆడించండి. అప్పటికీ రాకపోతే మెకానిక్కుకు అప్పగించడం మేలు.

ఎప్పుడు వదులుకోవాలి?

మర చుట్లు అరిగి కడ్డీ గొట్టంలో గలగలలాడుతుంటే, కడ్డీ వంగితే, గొట్టానికి పగులు కనిపిస్తే కొత్త లింకు కొనండి. విరిగిన మర కడ్డీని వెల్డింగు చేసి వాడవద్దు. దారిలో పనిముట్టు లేపి పోతుండగా అది తెగితే ప్రాణం మీదికి వస్తుంది. కొనేటప్పుడు పాత పిన్ను వెంట తీసుకెళ్లండి. చిన్న ట్రాక్టర్ల టాప్ లింకు పిన్ను సుమారు 19 మిల్లీమీటర్లు, అంతకు పెద్ద రకానికి సుమారు 25 మిల్లీమీటర్లు ఉంటుంది. తప్పు కొలత పిన్నుతో సర్దుకుపోతే రంధ్రాలు అరిగిపోతాయి.

మళ్లీ బిగుసుకోకుండా

విడిపించిన మరను డీజిలుతో కడిగి, ఆరబెట్టి, చుట్లన్నిటికీ గ్రీజు రాసి, రెండు కొనలూ సమానంగా ఎక్కించండి. కడ్డీ మందానికి రెండింతల పొడవైనా గొట్టం లోపల ఉండాలి. ఆ చోటు దాటకుండా కడ్డీ మీద రంగుతో గీత పెట్టుకోండి. గీత బయటపడిందంటే ఇక తిప్పకూడదు. సర్దాక లాక్ నట్టు బిగించడం మరవకండి.

* దమ్ము పని అయ్యాక నీళ్లతో కడిగి, ఆరాకే గ్రీజు పెట్టండి. బురద మీద గ్రీజు పూస్తే బురదను లోపల దాచినట్టే.
* పని రోజుల్లో రోజూ లెవెలింగ్ రాడ్డు నిపుల్‌కు రెండు పంపులు కొట్టండి.
* బయటి మరల మీద గ్రీజుకు దుమ్ము అంటుతుంది. వారానికోసారి తుడిచి కొత్తది రాయండి. పాత సైకిలు ట్యూబు ముక్క తొడిగితే నీరు, దుమ్ము రెండూ ఆగుతాయి.
* పని లేని నెలల్లో లింకును పూర్తిగా లోపలికి తిప్పి ఉంచండి. నెలకోసారి విప్పి, మళ్లీ లోపలికి తిప్పండి. తిరిగే మరకు తుప్పు అంత తొందరగా పట్టదు.

నలుగురు కలిసి కొన్న ట్రాక్టరైతే గ్రీజు పెట్టే బాధ్యత ఎవరిదో ముందే తేల్చుకోండి. అందరిదీ అంటే చివరికి ఎవరిదీ కాదు.

అద్దెకు దున్నించుకునేవారు

ట్రాక్టరు మీది కాకపోయినా చేను మీదే. రెండు సాళ్లు తోలగానే ఆపమనండి. ఒక పుల్ల తీసుకుని దున్నిన పట్టెలో కుడి కొన, ఎడమ కొన గట్టి నేల తగిలేదాకా గుచ్చి చూడండి. రెండు వేళ్లకు మించి తేడా ఉంటే "తమ్ముడూ, ఒకసారి లెవెల్ సర్దు" అనండి. సర్దడానికి ఐదు నిమిషాలు చాలు. జామైందని చెబితే పైరు వేసే పొలంలో ఆ దుక్కి ఒప్పుకోవాలో లేదో అప్పుడే నిర్ణయించుకోండి. ఎకరం అంతా అయ్యాక అడిగితే లాభం లేదు.

కాస్త గ్రీజుకు, వారానికి పది నిమిషాలకు వెనకాడితే, పోయేది పదును దాటిన దుక్కి. ఈ వారమే వెళ్లి మీ మరలు తిరుగుతున్నాయో లేదో ఒక్కసారి తిప్పి చూడండి.