ఆఫ్రికాఖండపు పాలవన్నె పెద్దగూబ

గుడ్లగూబ యింటిపై వ్రాలినచో నరిష్టమని తలచి శాంతులు చేయించువారు మనలో నిప్పటికిని గలరు. చదివినవారు సైతము రాత్రివేళ దాని కూత విని లోలోపల జంకుదురు. ఆఫ్రికాఖండమునను ఇట్టి భయము కలదు. అచ్చట పలుతావుల జనులు గూబను మంత్రగాండ్ర దూతగా నెంచి చంపుచుందురు. కావున నా ఖండపు గూబలన్నిటిలో పెద్దదగు పక్షి యెట్లు జీవించునో తెలిసికొందము.

సహారాకు దక్షిణమున, తుమ్మచెట్లు గల గడ్డిమైదానములందును, కలహారీ వంటి యెండుభూములందును ఇది నివసించును. దీనికి వెరో పెద్దగూబ యని పేరు. 1820లో టెమ్మింకు అను డచ్చి పండితుడు దీని శాస్త్రనామమున పాలవన్నెను దెలుపు లాటిను మాట నుంచెను. ఒడలు బూడిదవన్నె; ముఖమున కిరుప్రక్కల నల్లని యంచు; కనురెప్పలు మాత్రము గులాబిరంగు. పొడవు 66 సెంటీమీటర్ల వరకు నుండును. ఆడుపక్షి మగదానికంటె పెద్దది, 3 కిలోగ్రాముల వరకు తూగును.

దీని కూత గొంతులో నడగిన గురగుర వంటిది. నిశ్శబ్దమైన రాత్రి బహుదూరము వినవచ్చును. మృత్యువు పిలుపని జనులు వణకు నా ధ్వని, ఆలుమగలు తమ పొలిమేరను పొరుగుగూబలకు చాటుకొను మాటయే.

కుందేళ్లు, గినీకోళ్లు, పాములు దీని కాహారము. ఒడలెల్ల ముండ్లతో నుండి, బెదరినపుడు బంతివలె చుట్టుకొను హెడ్జిహాగ్ అను జంతువు దీనికి మిక్కిలి ప్రియము. దానిని పట్టి, ముండ్లతోలు నొలిచివేసి లోపలి మాంసమును దినును. ఇంత నేర్పు వంటవారిలోను అరుదు!

ఇది గూడు కట్టదు. గ్రద్దలు మొదలగువాని పాతగూళ్లలో చేరి, సాధారణముగా రెండు గ్రుడ్లు పెట్టును. ఇంచుమించు 39 దినములు పొదుగును. రెండవ పిల్ల కొన్ని దినములు వెనుకగా బయటికి వచ్చుటచే మొదటిదానితో పోటీపడలేక తరచుగా తిండి లేక చచ్చును. మిగిలిన యొక్కదానిని తల్లిదండ్రులు మిగుల జాగ్రత్తతో పెంచును. గూటికడకు శత్రువు వచ్చినయెడల పెద్దపక్షి నేలపై బడి, రెక్క విరిగినట్లు నటించుచు వానిని దూరముగా నీడ్చుకొనిపోవుటయు గలదు.

జాతి మొత్తమున కింకను ముప్పు రాలేదు. కాని యేటికి ఒక్క పిల్ల దక్కుటయే యెక్కువ. అదియు రెక్కలు వచ్చిన పిదప నెన్నో నెలలు తల్లిదండ్రుల తిండిపైననే బ్రతుకును. అపశకునమని యొక పెద్దపక్షిని రాళ్లతో గొట్టి చంపినచో, సమీపపు తుమ్మకొమ్మపై నుండి తిండికై యరచు నా పిల్లకు పెట్టు నోళ్లు రెండింటిలో నొకటి పోవును.