ఇంట్లో చేసిన ప్రొజెక్టరు: పలక చల్లగా ఉండాలంటే?

భద్రాచలం అడవుల అంచున ఒక పల్లె అనుకోండి. వేసవి సెలవులు. బడి పిల్లలు కొందరు కలిసి సొంతంగా ఒక వీడియో ప్రొజెక్టరు తయారుచేశారు. ప్లైవుడ్ పెట్టెలో 50 వాట్ల ఎల్.ఇ.డి. దీపం, దాని ముందు కటకం, ఆపైన పాత తెరనుంచి విప్పి తీసిన 7 అంగుళాల ఎల్.సి.డి. పలక, చివర మరో కటకం. చీకటి పడగానే గోడకు తెల్లని దుప్పటి కట్టి, గోదావరి మీది పక్షుల చిత్రం వేశారు. ఊరంతా చేరింది.

ఇరవై నిమిషాలు గడిచాయి. దుప్పటి నడుమ బూడిదరంగు మచ్చ ఒకటి కనిపించింది. చూస్తుండగానే అది నల్లబడి, పళ్లెమంత అయింది. దీపం ఆర్పి అరగంట ఆగితే మచ్చ పోయింది. మర్నాడు మళ్ళీ వచ్చింది. నాలుగోనాటికి పలక నడుమ పసుపు మరక మిగిలిపోయింది. అది ఇక పోలేదు. పిల్లలు నెలల తరబడి కూడబెట్టిన డబ్బుతో కొన్న పలక చెడిపోయింది!

ఏమిటీ మచ్చ? మొదట ఎందుకు పోయింది, తర్వాత ఎందుకు పోలేదు? తెలుసుకుందాం.

కదిలే ఫిల్ము, కదలని పలక

టూరింగ్ టాకీసుల సంగతి మీ తాతగారిని అడగండి. వాటి ప్రొజెక్టర్లలో కార్బన్ కడ్డీల నడుమ మండే ఆర్క్ దీపం ఉండేది. అంత వేడి దీపం ముందు ఫిల్ము ఎందుకు కాలలేదు? సెకనుకు 24 బొమ్మలు దీపం ముందునుంచి సాగిపోతాయి కనుక. ఏ బొమ్మా సెకనులో 24వ వంతు కన్న ఎక్కువసేపు అక్కడ నిలవదు. వేడెక్కేలోపే అది దాటిపోతుంది. ఎప్పుడైనా ఫిల్ము ఇరుక్కుంటే మాత్రం తెరమీద గోధుమరంగు బుడగ లేచి, బొమ్మ కాలిపోవడం పెద్దవాళ్ళు చూసే ఉంటారు.

మన పలక ఇరుక్కున్న ఫిల్ము లాంటిదే. బొమ్మలు మారతాయి గాని పలక మారదు. ఆట సాగినంతసేపూ దీపం ముందే నిలబడి ఉంటుంది. అందుకే దాన్ని చల్లబరచే పని మనమే చూసుకోవాలి.

రెండుసార్లు కరిగే పదార్థం

1888లో ఆస్ట్రియా దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ రైనిట్జర్ ఒక వింత గమనించాడు. కొలెస్టరాల్‌నుంచి తయారైన ఒక పదార్థాన్ని వేడిచేస్తే, 145.5 డిగ్రీల వద్ద కరిగి మబ్బుగా ఉన్న ద్రవం అయింది. ఇంకా వేడిచేస్తే 178.5 డిగ్రీల వద్ద ఆ మబ్బు విడిపోయి, తేటపడింది. ఆ నడిమి స్థితినే ద్రవ స్ఫటికం అంటారు. అది ద్రవంలా ప్రవహిస్తుంది, కాని దాని అణువులు స్ఫటికంలో మాదిరి ఒక వరుసలో ఉంటాయి.

ఎల్.సి.డి. పలకలో పని చేసేది ఈ వరుసే. పలకకు రెండు వైపులా పోలరాయిడ్ పొరలుంటాయి. నడుమ ఉన్న ద్రవ స్ఫటికపు అణువులు కాంతి ధ్రువణాన్ని మార్చితేనే కాంతి రెండో పొరను దాటుతుంది. అణువులను విద్యుత్తుతో అటూ ఇటూ తిప్పి బొమ్మ గీస్తారు. పలక మరీ వేడెక్కి, ద్రవం తేటపడితే అణువుల వరుస చెదిరిపోతుంది. కాంతి ధ్రువణాన్ని మార్చేవారుండరు. రెండో పొర కాంతిని ఆపేస్తుంది. అదే నల్లమచ్చ!

చల్లారగానే అణువులు మళ్ళీ వరుసకు వస్తాయి కనుక మొదట్లో మచ్చ పోతుంది. కాని అదే వేడికి పోలరాయిడ్ పొర కొంచెం కొంచెంగా మాడి, పసుపుబారుతుంది. ఆ మార్పు వెనక్కి రాదు. కనుక నల్లమచ్చ మనకు పలక ఇచ్చే హెచ్చరిక అన్నమాట.

1970 దశకం మొదట్లో ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో జార్జ్ గ్రే బృందం 5 సి.బి. అనే ద్రవ స్ఫటికాన్ని తయారుచేసింది. ఎల్.సి.డి. పరిశ్రమకు అది గొప్ప మలుపు. అయితే అది సుమారు 35 డిగ్రీల వద్దే తేటపడుతుంది. మే నెలలో కొత్తగూడెంలోనో, భద్రాచలంలోనో నీడలో పెట్టినా అది ఉత్త ద్రవమే! అందుకే ఒకే పదార్థం కాక, మరింత వేడికి తట్టుకునే మిశ్రమాలు వాడతారు. అయినా చాలా పలకలకు తయారీదారులు 50 లేక 60 డిగ్రీలు హద్దు పెడతారు.

వేడి ఎక్కడినుంచి వచ్చింది?

మామూలు ఫిలమెంటు బల్బు తాను వాడుకునే విద్యుత్తులో నూటికి 90 వంతులకు పైగా వేడిగానే వదులుతుంది. అందులో చాలాభాగం కంటికి కనిపించని పరారుణ కిరణాలు. అందుకే పూర్వం మ్యాజిక్ లాంతర్లలో దీపానికీ బొమ్మకూ నడుమ గాజు తొట్టిలో నీళ్ళు ఉంచేవారు. నీరు పరారుణ కిరణాలను పీల్చుకుంటుంది.

తెల్లని ఎల్.ఇ.డి. వెలుతురులో పరారుణ కిరణాలు దాదాపు ఉండవు. మరైతే పలక ఎందుకు వేడెక్కాలి? ఇక్కడే చాలామంది పొరబడతారు. పలకను వేడెక్కించేది వెలుతురే. మొదటి పోలరాయిడ్ పొర తనమీద పడిన కాంతిలో సగానికి పైగా పీల్చేస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతలు మిగిలినదానిలో మూడింట రెండు వంతులు మింగుతాయి. సన్నని తీగలూ, రెండో పొరా మరికొంత ఆపుతాయి. చివరకు దాటేది నూటికి 5 నుంచి 8 వంతులే. దాటని కాంతి ఎక్కడికీ పోదు, అక్కడే వేడిగా మారుతుంది.

50 వాట్ల దీపంలో సుమారు మూడోవంతు కాంతి అవుతుంది. దానిలో 10 వాట్ల కాంతి పలకమీద పడిందనుకోండి. ఆ 10 వాట్లూ పలకలో వేడిగా మారాయనే లెక్క కడదాం.

మే నెల లెక్క

7 అంగుళాల పలక నిలిచిన గాలిలో ఉంటే 10 వాట్లకు చుట్టూ ఉన్న గాలికన్న దాదాపు 37 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. రెండు ముఖాలమీదా ఫ్యాన్ గాలి తగిలితే పెరుగుదల దాదాపు 15 డిగ్రీలే. ఇవి ఉజ్జాయింపు అంకెలు. పెట్టెను బట్టి మారతాయి.

జనవరి రాత్రి, గాలి 18 డిగ్రీలు: ఫ్యాన్ లేకుండా 55, ఫ్యాన్‌తో 33.
మే రాత్రి, గాలి 34 డిగ్రీలు: ఫ్యాన్ లేకుండా 71, ఫ్యాన్‌తో 49.
మే మధ్యాహ్నం, గాలి 45 డిగ్రీలు: ఫ్యాన్ లేకుండా 82, ఫ్యాన్‌తో 60.

చూశారా! ఫ్యాన్ గాలిని చల్లబరచదు. వేడిని మోసుకుపోతుంది, అంతే. ఎంత పెద్ద ఫ్యాన్ పెట్టినా పలక చుట్టూ ఉన్న గాలికన్న చల్లగా అవదు. చలిదేశంలో చక్కగా పనిచేసే ప్రొజెక్టరు మన మే నెలలో చెడిపోవడానికి కారణం ఇదే. అక్కడ పలకకు 40 డిగ్రీల వెసులుబాటు ఉంటే, ఇక్కడ మధ్యాహ్నం వేళ 15 డిగ్రీలే ఉంటుంది.

పెట్టె ఎలా కట్టాలి?

1. ముందు పలక, తర్వాత దీపం. బయటి గాలి కిందినుంచి వచ్చి మొదట పలకను తాకాలి. ఆ తర్వాతే దీపం వెనక ఉన్న అల్యూమినియం రెక్కల దిమ్మె మీదుగా పైనుంచి బయటికి పోవాలి. వరుస తిరగబడితే దీపపు వేడి అంతా పలకకు అంటుకుంటుంది.

2. పలకకూ కటకానికీ నడుమ ఒకటి, రెండు సెంటీమీటర్ల సందు ఉంచండి. గాలి రెండు ముఖాలమీదా పారాలి. సెకనుకు 5 లీటర్ల గాలి పారితే చాలు, 10 వాట్ల వేడికి ఆ గాలి రెండు డిగ్రీలే వేడెక్కుతుంది.

3. గాలి దారికి నల్లకాగితంతో రెండు మలుపులు పెట్టండి. గాలి మలుపు తిరిగిపోతుంది, కాంతి తిరగలేదు. వెలుతురు బయటికి కారకుండా ఉంటుంది.

4. గాలి వచ్చే చోట సన్నని వల బిగించండి. తొలకరి వానకు ఉసిళ్ళు దీపానికి ముసురుతాయి. అవీ, దుమ్మూ వలను మూసేస్తే ఫ్యాన్ తిరుగుతున్నా గాలి రాదు. ప్రతి ఆటకు ముందు వల దులపాలి.

5. మొదటి పోలరాయిడ్ పొరను పలకనుంచి వేరుచేసి, దీపం వైపు వేరే గాజుకు అంటిస్తే సగానికి పైగా వేడి అక్కడే ఆగుతుంది. పలక పెరుగుదల 15 నుంచి 6, 7 డిగ్రీలకు దిగుతుంది. కంపెనీ ప్రొజెక్టర్లలోనూ ఈ ఉపాయం ఉంది. కాని పొర ఒలిచేటప్పుడు గాజు పగిలే ప్రమాదముంది. చెడిపోయిన పలకమీద, పెద్దల సాయంతో ముందు నేర్చుకోండి.

6. అన్నిటికన్న తేలిక ఉపాయం, దీపాన్ని సగానికి తగ్గించడం. పెరుగుదల కూడా సగమవుతుంది. మన కంటికి మాత్రం వెలుతురు సగం తగ్గినట్టు తోచదు.

వట్టివేళ్ళ తడికలు కట్టవచ్చా? పొడి ఎండలో అవి గదిని బాగా చల్లబరుస్తాయి. కిటికీకి కట్టండి గాని, పెట్టెకు మాత్రం కట్టవద్దు. విద్యుత్తు ఉన్నచోట నీటిచుక్క పడరాదు. వానాకాలపు తేమగాలిలో అవి అంతగా పనిచేయవు కూడా.

మీరే చేసి చూడండి

ఒకే కొలతగల రెండు చెప్పుల పెట్టెలు తీసుకోండి. లోపల నల్లకాగితం పరిచి, ఒక్కొక్కదానిలో ప్రయోగశాల థర్మామీటరు ఉంచండి. జ్వరం చూసే థర్మామీటరు వాడరాదు, పగులుతుంది. మూతల బదులు పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం అంటించండి. ఒక పెట్టెకు ఒకవైపు అడుగున, ఎదుటివైపు పైన రంధ్రాలు చేయండి. రెండిటినీ ఎండలో ఉంచి, 5 నిమిషాలకొకసారి ఉష్ణోగ్రతలు రాయండి. తర్వాత అడుగు రంధ్రం దగ్గర విసనకర్రతో విసరండి. పాదరసం ఎంతవరకు దిగింది? నీడలోని గాలి ఉష్ణోగ్రతకన్న కిందికి దిగిందా?

జాగ్రత్త: ఎల్.ఇ.డి. దీపంలోకి సూటిగా చూడరాదు. వైర్ల పని పెద్దల ఎదుటే చేయాలి. ఫ్యాన్ తిరగనిదే దీపం వెలగకుండా కలపమని విద్యుత్ పని తెలిసినవారిని అడగండి. ఆట అయ్యాక దీపం ఆర్పి, ఫ్యాన్‌ను అయిదు నిమిషాలు తిరగనివ్వండి.

ప్రశ్నలు

1. గాలి 40 డిగ్రీలు, పలకకు చేరే వేడి 8 వాట్లు, ఫ్యాన్ ఉంది. పలక ఉష్ణోగ్రత ఎంత?
2. తెరమీద పూర్తిగా నల్లని బొమ్మ ఉన్నప్పుడు పలక చల్లగా ఉంటుందా? కారణం చెప్పండి.
3. రేకుల గదిలో కన్న వేపచెట్టు కింద ఆట వేయడం పలకకు ఎందుకు మేలు?