జ్వరములో బిడ్డకు ఫిట్స్ వచ్చినప్పుడు

పాఠ్యభాగము: 2 రాజులు 4:18–37

షూనేములో ఒక పిల్లవాడు కోత పొలములో ఉన్న తండ్రి దగ్గరకు వెళ్లి తలనొప్పి అన్నాడు. మధ్యాహ్నమునకు తల్లి ఒడిలో ప్రాణము విడిచాడు. ఈ అధ్యాయమును మనము ఎలీషా చేసిన అద్భుతము కొరకే తరచుగా చదువుతాము. ఈసారి ఆ తల్లి చుట్టూ ఉన్నవారిని చూద్దాము. తండ్రి పిల్లవానిని పనివానిచేత తల్లి దగ్గరకు పంపించాడు. ఆమె ప్రవక్త కొరకు బయలుదేరితే, పండుగా పబ్బమూ కాని రోజున ఎందుకని అడిగాడు; బిడ్డ పోయినట్లు పాపము అతనికి తెలియదు. ఆమె వెళ్లి ప్రవక్త కాళ్లు పట్టుకొంటే గేహజీ ఆమెను తోసివేయబోయాడు. ఎలీషా అతనిని ఆపి, ఆమె లోపల ఎంత దుఃఖమున్నదో గ్రహించాడు.

పసిబిడ్డకు హఠాత్తుగా ఆపద వచ్చిన ఇంటిలో పెద్దలమైన మనము గేహజీలమా, ఎలీషాలమా? దీనిని ఒక్క ఉదాహరణతో ఆలోచించుదాము. అది జ్వరముతో వచ్చే ఫిట్స్.

ఆరు నెలలు నిండినప్పటి నుండి 5 సంవత్సరముల వరకు ఉన్న పిల్లలలో 100 మందికి 2 నుండి 5 మందికి ఇవి వస్తాయి. కళ్లు పైకి తేలిపోతాయి, కాళ్లు చేతులు బిగుసుకొని కొట్టుకొంటాయి, పెదవులు నీలబడతాయి, పిలిస్తే పలకరు. చూచిన తల్లిదండ్రులలో చాలామంది బిడ్డ పోయినదనే అనుకొంటారు. కాని ఎక్కువమందికి 5 నిమిషముల లోపే వాటంతట అవే ఆగిపోతాయి.

చేయవలసినది కొంచెమే. బిడ్డను చాపమీదనో పరుపుమీదనో ఒక ప్రక్కకు తిప్పి పడుకోబెట్టాలి. అప్పుడు చొంగ, వాంతి గొంతులోకి పోకుండా బయటకు వస్తాయి. మెడ దగ్గర బట్టలు వదులు చేయాలి. ఒకరు గడియారము చూడాలి. ఆ సమయములో ఒక నిమిషము అరగంటవలె తోస్తుంది గనుక అంచనా పనికిరాదు. ప్రార్థన చేయవద్దని మేము అనము, గడియారము చూస్తూ కూడా ప్రార్థించవచ్చును. అందరూ గదిలో చేరి గాలి ఆడకుండా చేయుట మాత్రము వద్దు.

అసలు చిక్కు పెద్దల చేతులతోనే. ఒకరు తాళపు చెవి చేతిలో పెడతారు, ఒకరు పళ్ల మధ్య చెంచా దూర్చుతారు, ఒకరు ఉల్లిపాయ వాసన చూపిస్తారు, ఇంకొకరు నీళ్లు త్రాగిస్తారు. నాలుక మింగివేయుట అన్నది జరగదు. చెంచాతో పన్ను విరగవచ్చు, నీటితో ఊపిరి అడ్డుపడవచ్చు. ఇనుము పట్టించగానే ఆగినదని సాక్ష్యమిచ్చేవారున్నారు. పట్టించకపోయినా ఆ వేళకు అది ఆగేదే.

5 నిమిషములు దాటినా, ఆగి మరల వచ్చినా, ఆగిన తరువాత ఊపిరి సరిగా లేకపోయినా, బిడ్డ తెలివిలోకి రాకపోయినా, మెడ బిగుసుకొన్నా, బిడ్డకు 6 నెలలు నిండకపోయినా ఆలస్యము చేయక 108కు ఫోన్ చేయాలి. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రలలో ఆ నంబరు పనిచేస్తుంది. మొదటిసారి వచ్చినవారు, వెంటనే ఆగిపోయినా సరే, ఆ రోజే వైద్యునికి చూపించాలి. మలేరియా ఉన్న ఒడిశా కొండ ప్రాంతములవారు రక్తపరీక్ష తప్పక చేయించాలి.

ఇక్కడ మన సంఘములకు ప్రత్యేకమైన సంగతి ఒకటున్నది. మగవారు పనికి పోయిన వేళ, ఆంధ్ర నుండి క్రొత్తగా కాపురానికి వచ్చిన కోడలు ఒంటరిగా ఉండవచ్చు. స్థానిక భాష ఆమెకు రాదు. తమిళములో వలిప్పు, కన్నడములో మూర్ఛె, మరాఠీలో ఝట్కే అంటారు. ఫిట్స్ అన్నా ఆసుపత్రిలో అర్థమవుతుంది. ఇంటి చిరునామా, దగ్గరి గుర్తు, బిడ్డ వయస్సు స్థానిక భాషలో ఎలా చెప్పాలో తెలుగు లిపిలో వ్రాసి తలుపు వెనుక అంటించండి. ఆదివారపు బడి పిల్లలు ఈ పని సంతోషముగా చేస్తారు.

ఇక తరువాతి దినములు. “ఒళ్లు కాలుతుంటే చూసుకోలేదా?” అని అత్తగారు అడుగుతారు. ఈ ఫిట్స్ సాధారణముగా జ్వరము వచ్చిన మొదటి దినముననే వస్తాయి. జ్వరమున్నదని ఎవరికీ తెలియకముందే వచ్చుట కూడా కద్దు. జ్వరపు మందు బిడ్డకు ఉపశమనమిస్తుంది గాని ఫిట్స్‌ను ఆపుతుందని రుజువు కాలేదు. కనుక ఆ ప్రశ్న అన్యాయము. గాలి సోకినదని, ఎవరి పాపమో అని గుసగుసలాడుట అంతకంటె అన్యాయము. మామూలు జ్వరపు ఫిట్స్ వలన బుద్ధి మందగించదు. సుమారు ముగ్గురిలో ఒకరికి మరొక జ్వరములో మరల రావచ్చును, పెరిగేకొద్దీ పోతాయి. ఆ భయముతో టీకాలు మానిపించవద్దు. నర్సుకు ముందుగా సంగతి చెబితే చాలు.

ఆ తల్లి చాలా రాత్రులు నిద్రపోదు. గంటకొకసారి లేచి బిడ్డ నుదురు తాకి చూస్తుంది. స్త్రీల సమాజములోని పెద్దమ్మ ఒకరు రెండు రాత్రులు ఆ ఇంట ఉండి, మేము చూస్తాము పడుకోమ్మా అంటే ఆమె కన్ను మూస్తుంది. వెళ్లేటప్పుడు అన్నము కూర తీసుకొని వెళ్లండి. ఫలానావారి బిడ్డకు ఇలాగే వచ్చి ఏమయినదో ఆ కథలు మాత్రము ఇంటి దగ్గరే వదలి వెళ్లండి.