మిద్దెమీద ఆకుకూరలు: మొదటి పాఠము



చిక్కపేట సందులలో కాపురమున్న మనకు పెరడు లేదు. క్రింద దుకాణము, పైన సరుకు, ఆ పైన ఇల్లు. మిగిలినది మిద్దె ఒక్కటే. మొదలుపెట్టడానికి అది చాలును. కథకులు తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు హైదరాబాదు దగ్గర నారపల్లిలో తమ ఇంటి మిద్దెమీదనే ఏండ్ల తరబడి కూరగాయలు పండించి, 'మిద్దెతోట' అనే మాటను తెలుగు ఇండ్లకు అలవాటు చేశారు.

అద్దె ఇంట్లో ఉన్నవారు ముందుగా యజమానిని అడగవలెను. వారి భయము న్యాయమైనదే. మిద్దె కారితే క్రింది దుకాణములో బట్టలన్నీ పాడవుతాయి. 20 లీటర్ల బకెట్టు నిండా ఎర్రమట్టి పోసి తడిపితే బరువు 30 కిలోలు దాటుతుంది. గనుక ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు సమపాళ్ళలో కలుపుకొనండి. బరువు తగ్గుతుంది, తడి నిలుస్తుంది. గుప్పెడు వేపపిండి వేస్తే వేరుపురుగు బాధ తగ్గుతుంది. తొట్టి అడుగున రంధ్రాలు, తొట్టి క్రింద ఇటుకలు తప్పనిసరి. నీరు తొట్టి అడుగున నిలిచిపోకుండా పారిపోవలెను, మిద్దె నేల ఆరవలెను. తొట్లను మిద్దె నడుమ గుంపుగా పెట్టక, గోడల వెంబడి సర్దండి. రోజుకు ఐదారు గంటల ఎండ తగిలే చోటు చూసుకోండి. ఎదుటి మేడల నీడ ఇక్కడ పెద్ద చిక్కు.

మొదటిసారే టమాట, కాకర, క్యాబేజీ అన్నీ పెట్టాలని చాలామందికి ఆశ. వద్దండీ. నాలుగు తొట్లు, అన్నీ ఆకుకూరలే. వాటికి అర అడుగు లోతు మట్టి చాలును.

మెంతికూరకు విత్తనాల కొట్టుకు పోనక్కరలేదు, పోపులపెట్టె చాలును. గుప్పెడు మెంతులు రాత్రి నానబెట్టి, ఉదయము చల్లి, పైన పలుచగా మట్టి కప్పండి. మూడు నాలుగు రోజులలో మొలుస్తాయి, మూడు వారాలు దాటగానే కూర వండుకోవచ్చు. బడిలో గ్లాసులో పెసలు మొలకెత్తించి చూపించినట్లే, పిల్లలకు ఇది మంచి పాఠము. ధనియాలను చేతితో నలిపి రెండు బద్దలు చేసి చల్లవలెను. అవి మొలవడానికి వారము పది రోజులు పడుతుంది, ఓపిక పట్టండి. తోటకూర గింజ మరీ సన్నము గనుక ఇసుకతో కలిపి చల్లండి.

ఇక గోంగూర. ఇక్కడివారు పుండి సొప్పు అంటారు. ఊరు విడిచి వచ్చిన మనకు అది కూర మాత్రమే కాదని వేరే చెప్పాలా? దీనికి ఒక గుణమున్నది. పగటి పొద్దు తగ్గేకొద్దీ ఆకు మానుకొని పూతకు వస్తుంది. కాబట్టి దసరా తరువాత విత్తి దిగులు పడేకంటే, ఉగాది దాటగానే విత్తుకుంటే నెలల తరబడి ఆకు కోసుకోవచ్చు.

నీటి సంగతి ఈ ఊరిలో తేలికది కాదు. 2024 మార్చిలో కరువు వచ్చినప్పుడు నగర జలమండలి తోటలకు తాగునీరు వాడరాదని ఆజ్ఞాపించి, మీరినవారికి 5,000 రూపాయల జరిమానా విధించింది. బియ్యము, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్ళు ఒక బకెట్టులో పట్టి ఉంచితే నాలుగు తొట్లకు సరిపోతాయి. ఉప్పు, సబ్బు కలిసిన నీరు మాత్రము పోయవద్దు. వేలి మొదటి కణుపు వరకు మట్టిలో గుచ్చి చూడండి. తడి తగిలితే ఆ పూట నీరు అక్కరలేదు. క్రొత్తవారి మొక్కలు ఎండి చచ్చేదానికంటే కుళ్ళి చచ్చేదే ఎక్కువ.

ఆకు అడుగున పేనుబంక కనబడితే, లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీరు కలిపి సాయంకాలము చల్లండి.

తోటకూరను వేళ్ళతో పీకక, నాలుగు వేళ్ళ మొదలు ఉంచి కోస్తే మరల చిగురిస్తుంది. హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థవారి 'అర్క సుగుణ' రకము ఇలా ఐదారు కోతలు ఇస్తుంది. విత్తనాలకు, మొక్కలకు లాల్‌బాగ్ వైపు వెళ్ళవచ్చు. చిక్కపేట మెట్రో ఎక్కితే మూడవ స్టేషను.