నవ్వితే ఇబ్బందిగా ఉందా?



సెలవు రోజున టీవీలో పాత హాస్య సినిమాలు వరుసగా వేస్తున్నారంటే మన చిక్కడపల్లి, నారాయణగూడ ఇళ్లలో వంట పెందలాడే ముగుస్తుంది. "మిస్సమ్మ" (1955), ఆ వెంటనే "మాయాబజార్" (1957). లావుపాటి రేలంగి, బక్కపలచని రమణారెడ్డి కనబడితే చాలు, మాట రాకముందే నవ్వొస్తుంది. తర్వాతి తరానికి "మామగారు" (1991)లో కోట, బాబూమోహన్ కావాలి. నా ఓటు మాత్రం రమణారెడ్డి గారికే.

అశోక్‌నగర్ నుండి ఒక పెద్దావిడ షుగరు పరీక్షకు వచ్చారు. అంతా అయ్యాక తలుపు దగ్గర ఆగి, "నవ్వితే చీర తడిసిపోతోంది సిస్టరమ్మా. సినిమా పెడితే వంటింట్లోకి వెళ్లిపోతున్నాను. కోడలికి కూడా చెప్పలేదు" అన్నారు. నీళ్లు తాగడం కూడా తగ్గించేశారట. అది పొరపాటు. మూత్రం చిక్కబడితే మంట, తొందర ఎక్కువవుతాయి.

నవ్వినా, దగ్గినా, తుమ్మినా పొట్టలోని ఒత్తిడి మూత్రసంచి మీద పడుతుంది. దానిని కింద నుండి మోసే కండరాలు కాన్పులు, వయసు, అధిక బరువు, మలబద్ధకం వలన సడలుతాయి. ఇందులో సిగ్గుపడవలసినదేమీ లేదు.

ఆ కండరాలకు వ్యాయామం ఉంది. 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా డాక్టరు దీనిని ప్రచారంలోకి తెచ్చారు. మూత్రాన్ని, గ్యాసును ఆపుకుంటున్నట్లు లోపలికి బిగించండి. అయిదు లెక్కపెట్టి వదలండి, మళ్లీ అయిదు విశ్రాంతి. ఇలా పదిసార్లు, రోజుకు మూడు పూటలు. ఊపిరి బిగపట్టకూడదు, పొట్ట, తొడలు బిగించకూడదు. మూత్రం పోసేటప్పుడు చేయకండి. కూర్చునే చేయవచ్చు, ప్రకటనల సమయం చాలు, పక్కవారికి తెలియదు. నవ్వు రాబోతోందనగానే ముందే బిగించడం కూడా అలవాటు చేసుకోండి. కనీసం మూడు నెలలు ఓపిక పట్టాలి.

మంట, రక్తం, జ్వరం ఉంటే డాక్టరుకు చూపించండి.

ఇంకొక మాట. ఒక్కొక్క సినిమా మూడేసి గంటలు. మధ్యమధ్య లేచి నడవండి. ఒక కాలే వాచి పిక్క నొప్పి పెడితే అదే రోజు ఆసుపత్రికి రండి. ఆయాసం, ఛాతీనొప్పి కూడా ఉంటే క్షణం ఆలస్యం చేయవద్దు, రక్తపు గడ్డ కావచ్చు. పొట్ట ఆపరేషన్ అయినవారు నవ్వేటప్పుడు కుట్లపై దిండు అదిమి పట్టుకోండి.

మూడు నెలలకు ఆ పెద్దావిడ మళ్లీ వచ్చారు. సినిమా చూశారా అని అడిగాను. మనవలతో కలిసి చివరిదాకా చూశారట. కుర్చీ మాత్రం బాత్రూము పక్కనే వేసుకున్నారట.